నా దండెం ఏది?

నల్లగుట్టపల్లె, కొల్లాపూర్ దగ్గర
6 సెప్టెంబర్ 2021

మరిది పరమేష్‌కు,

నీ వదిన బక్కమ్మ రాయించేది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అనే మాట అంగన్‌వాడీ ప్రమీలమ్మ టీచరు తనంతట తనే రాసింది. నేను చెప్పలేదు.

మూడేళ్ల కింద, మీ అన్న మల్లప్ప పదకొండో దినం నాడు బీరప్ప గుడి ముందు నేను పెట్టిన ఒట్టు నీకు గుర్తుండే ఉంటుంది. నీతో నోరు విప్పి మాట్లాడితే నా మంద మొత్తం కూలిపోవాలని ఒట్టు. ఫోన్‌లో మాట్లాడినా నోరే కదా. ఉత్తరం సంగతి ఏమిటని పూజారిని అడిగాను. "ఒట్టు నోటిది. చెయ్యికి ఒట్టు లేదు" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

సంగతికి వస్తాను. నువ్వు ఇంటి నుంచి గొర్ల కొట్టానికి కట్టిన సన్న తీగ మీ అన్నను పొట్టన పెట్టుకున్న నాటి నుంచి కొట్టంలో దీపం లేదు. రెండు రోజుల కోసమని కట్టావు. వచ్చే ఆదివారం వచ్చి మంచి తీగ వేస్తానన్నావు. ఆయన పోయేనాటికి రెండేళ్లు గడిచాయి, నీ ఆదివారం రాలేదు. కొట్టం చీకటైనప్పటి నుంచి ఊరకుక్కలు గోడ దూకుతున్నాయి. పోయినసారి గొర్లు ఈనినప్పుడు పదకొండు గొర్రెపిల్లల్ని ఎత్తుకెళ్లాయి. మళ్లీ సంక్రాంతి ముందర ఈతలు మొదలవుతాయి. ఈసారి కూడా పిల్లలు పోతే నేను మంద అమ్ముకోవాల్సిందే. మంద అమ్మితే నేను చేసే పని ఇంకేమీ లేదు.

భూమిలో వేసే తీగ ఉంటుందట, మనిషికి తగలదట. కొల్లాపూర్‌లో బియ్యం మిల్లు వాళ్లు వేయించుకున్నారు. ఎలా వేయాలో రాయి. కాలువ తవ్వడానికి కూలి వెంకటయ్య ఉన్నాడు. చౌటుప్పల్ మందుల కంపెనీలో నువ్వు పెద్ద ఎలక్ట్రీషియన్‌వని మీ అన్న ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు. ఆ పెద్దతనం ఇప్పుడైనా చూపించు. నువ్వు రానవసరం లేదు.

ఇట్లు,
మల్లప్ప భార్య బక్కమ్మ

తా.క. గిది నా సొంత రాత. టీచరమ్మ తిట్లు రాయనన్నది. నాలుగు తిట్లు మిగిలినయి, నువ్వే అనుకో. ఇంకొక్కటి. మీ అన్న శవం వాకిట్ల ఉండంగనే నువ్వు నా దండెం విప్పి పట్టుకపోయినవు. గొంగళ్లు ఆరేసే దండెం. సావింట్ల దండెం దొంగతనం జేసినోన్ని నిన్నొక్కన్నే చూసిన. నా దండెం ఏది?

*

చౌటుప్పల్
12 సెప్టెంబర్ 2021

వదినకు పరమేష్ దండాలు.

నీ ఉత్తరం కంపెనీ గేటు దగ్గర నిలబడి మూడుసార్లు చదివాను. మూడేళ్ల తర్వాత నీ తిట్లు అందాయి. వాటిలో నాలుగు నేనే అనుకోవాల్సి వచ్చింది, అయినా సంతోషం.

భూమిలో వేయడమే సరైన పని. నేను చెప్పేది జాగ్రత్తగా విను. మీటరు గోడ నుంచి కొట్టం దాకా తిన్నగా కాలువ తవ్వించు. వేపచెట్టు వేళ్లకు, గొర్లు నీళ్లు తాగే తొట్టికి ఎడంగా ఉండాలి. లోతు రెండున్నర అడుగులు. అడుగున రాళ్లు ఏరేసి నాలుగు వేళ్ల మందం ఇసుక పరచాలి. దాని మీద తీగ, తీగ మీద మళ్లీ ఇసుక, ఇసుక మీద ఇటుకలు వరసగా, ఇటుకల మీద సగం మట్టి, ఆ మట్టి మీద పసుపు పచ్చని పట్టీ, ఆపైన మిగిలిన మట్టి. రేపు ఎవరైనా తెలియక గడ్డపార దింపితే ముందు పట్టీ కనబడుతుంది, ఆగుతారు. భూమి లోపల తీగకు ఎక్కడా అతుకు ఉండకూడదు. మీటరు మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయవద్దు. కంపెనీలో మేము రోజూ పొద్దున చేసే భద్రత ప్రతిజ్ఞలో మొదటి మాట అదే.

తీగ నేనే తెస్తాను. వచ్చే ఆదివారం వస్తా. నాతో మాట్లాడనక్కర్లేదు. నేను నా పని చేసుకొని పోతా.

నీ మరిది,
పరమేష్

తా.క. దండెం కోసం కొత్త నైలాన్ తాడు తెస్తాను. పాతదాన్ని మరిచిపో.

*

నల్లగుట్టపల్లె
27 సెప్టెంబర్ 2021

ఆదివారాల పరమేష్‌కు,

నువ్వు రాసిన ఆదివారం వచ్చింది, పోయింది. దాని తర్వాతది కూడా నిన్న పోయింది. రెండు పూటలూ నీకు కూడా బియ్యం పోశాను. అది నా బుద్ధి తక్కువ.

కాలువ సంగతి విను. రెండున్నర అడుగులంటే మొలలోతు అని వెంకటయ్య తేల్చాడు. వాడి మొల నాకు మోకాలు. రెండు రోజులు తవ్వాక నేను నా గొర్ల కట్టె మీద రెండున్నర అడుగులకు గాటు పెట్టి దింపి చూస్తే గాటు పైకే ఉంది. మళ్లీ తవ్వించాను. వాకిట్లో గుంత చూసి మొదటి రోజే ఇద్దరు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చారు. ఒకామె కూర్చొని శోకం మొత్తం తీసి, కళ్లు తుడుచుకొని, అప్పుడు అడిగింది, "ఇంతకు ఎవరు పోయిండ్రు బక్కమ్మా?" అని.

రెండో రోజు ఒక గొర్రె కాలువలో దిగింది. గొర్రె సంగతి నీకు తెలుసు, కురుమ ఇంట్లోనే పుట్టావు కదా. మొదటిది దిగితే మిగతావి ఎందుకని అడగవు. ముప్పై రెండు గొర్రెలు ఒకదాని వెనక ఒకటి కాలువ నిండా వరసగా నిలబడ్డాయి. చివర్లో వెంకటయ్య. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు. గంటసేపు గొర్ల తోకల వెనక నిలబడి నీ పేరు తలుచుకున్నాడు.

ఇంకోసారి మంద పడితే కాళ్లు విరుగుతాయని, నువ్వు ఎలాగూ రాలేదని, నీ ఉత్తరంలో ఉన్నట్టే అన్నీ చేసి కప్పేశాం. ఇసుక పరిచాం. మళ్లీ ఇసుక పోశాం. ఇటుకలు పేర్చాం. పసుపు పట్టీ ఎక్కడా దొరకలేదు, మీ అన్న పాత ధోతి చింపి పసుపు నీళ్లలో ముంచి పరిచాను. మట్టి కప్పి దిమ్మిసతో గట్టిగా కొట్టించాను. తీగ ఎక్కడ పెట్టాలో నీ ఉత్తరంలో ఉంది, తీగ మాత్రం నీ దగ్గరే ఉంది. కాబట్టి అదొక్కటి తప్ప అన్నీ భూమిలో ఉన్నాయి. ఇప్పుడు తీగ ఎటు నుంచి దూర్చాలో రాయి.

ఇట్లు,
బక్కమ్మ

తా.క. ధోతి చింపంగ జర బాధైంది. గిది టీచరమ్మకు చెప్పలె. నైలాన్ తాడు నాకొద్దు. తడిసిన గొంగడి ఎంత బరువుంటదో నీకు ఎరికె, నైలాన్ తాడు సాగి నేల మీద పడ్తది. నా దండెం గట్టిది. ఏది?

*

చౌటుప్పల్
4 అక్టోబర్ 2021

వదినకు,

తప్పు నాదే. కంపెనీలో మిషన్లన్నీ ఆపి రిపేరు చేసే వారాలు ఇవి. సెలవు ఇవ్వలేదు. ఇస్తే వచ్చేవాణ్నే అని రాస్తే నువ్వు నమ్మవు, అందుకని రాయడం లేదు.

వదినా, భూమిలో దూర్చేది ఏదీ లేదు. మళ్లీ తవ్వాలి. ఇసుక, ఇటుకలు, ధోతి అన్నీ జాగ్రత్తగా తీసి పక్కన పెట్టించు. వెంకటయ్యకు నా తరఫున క్షమాపణ చెప్పు. గొర్లకు అడ్డంగా కంప పరిపించు, ఈసారి అవి దిగకుండా.

ఈలోపు ఇంకో పని ఉంది, మీటరు పని కాదు కాబట్టి మీరే చేయవచ్చు. ఇంటి వెనక తడి నిలిచే మూలన మనిషి లోతు గుంత తీయించు. దానిలో నేను బస్సులో పంపే ఇనుప గొట్టం నిలబెట్టి చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు నింపించు. పైన మూత పెట్టి, వాన లేని రోజుల్లో ఒక బిందె నీళ్లు పోస్తూ ఉండు. ఇది మరిచిపోవద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆనాడు ఇది మన ఇంట్లో ఉంటే అన్న మనకు ఉండేవాడు.

నీ మరిది,
పరమేష్

తా.క. వదినా, దండెం మాట ఎత్తకు. నీకు చేతులెత్తి మొక్కుతా.

*

నల్లగుట్టపల్లె
18 అక్టోబర్ 2021

మరిది పరమేష్‌కు,

నీ పుణ్యమా అని నేను బాణామతి చేసేదాన్ని అయ్యాను.

ఇంటి వెనక తడి మూల అంటే పుల్లమ్మ వాళ్ల గోడ పక్కన. అక్కడే గుంత తీయించాను. ఇనుప గొట్టం నిలబెట్టాను. బొగ్గు, ఉప్పు, బొగ్గు, ఉప్పు. రోజూ పొద్దున ఒక బిందె నీళ్లు. పుల్లమ్మ గోడ మీద నుంచి నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు ఆమె బర్రె పాలివ్వడం మానేసింది. అంతే.

"ఉప్పు పెట్టింది, బొగ్గు పెట్టింది, ఇనుము పాతింది. చెట్టు లేదు, చేమ లేదు, ఖాళీ జాగకు నీళ్లు పోస్తాంది. గిది బాణామతి కాకపోతే ఏంది?" అని పంచాయితీ ముందు నిలబెట్టింది. నిన్న పొద్దున నన్ను పిలిపించారు. నలభై ఏళ్లు ఈ ఊర్లో బతికినదాన్ని. నా గొంగడి కప్పుకొని పెరగని పిల్ల లేదు ఈ వాడలో. నా ముఖం చూడకుండా మాట్లాడారు.

మా మరిది చెప్పిన పని అది, కరెంటు పని అని చెప్పాను. అప్పుడు పుల్లమ్మ అంది, "నీ మొగున్ని సంపిన మరిది చెప్తే నువ్వు విన్నవా?" అని. ఆ మాట ఆమె సొంతం కాదు. మూడేళ్ల నుంచి ఊరంతా నేను పంచిపెట్టిన మాటే.

గుంతలో ఏముందో, ఎందుకుందో నీ చేత రాయించి తెమ్మన్నారు. పది రోజుల గడువు. లేకపోతే గుంత పూడ్చాలి, కొట్టానికి దీపం వద్దు, మందను ఊరి బయట పెట్టుకోవాలి. ఊరి బయట ఈతలంటే కుక్కలకు పెళ్లి భోజనం. బాగా రాయి. పంచాయితీలో చదువుతారు.

ఇట్లు,
బక్కమ్మ

తా.క. టీచరమ్మ ఒక్కతే నా దిక్కు మాట్లాడింది. పుల్లమ్మ బర్రెకు ఆమెనే సరిగ దాణ పెడ్తలేదు, గది ఊరంతటికి ఎరికె, ఎవ్వరు అనరు. దండెం మాట ఎత్తకన్నవు. ఎందుకు ఎత్తొద్దు? నా సొమ్ము నేను అడిగితే నీకేం కష్టం? అమ్ముకున్నవా?

*

చౌటుప్పల్
23 అక్టోబర్ 2021

వదినకు,

పంచాయితీలో చదవాల్సిన భాగం ఇది.

పెద్దలకు నమస్కారం. మల్లప్ప ఇంటి వెనక ఉన్న గుంతను ఎర్తింగ్ అంటారు. గొర్రెపిల్ల తల్లి దగ్గరికి ఉరికినట్టు, తీగ దాటి బయటపడిన కరెంటు భూమి దగ్గరికి ఉరుకుతుంది. దారిలో మనిషి ఉంటే మనిషిలో నుంచే పోతుంది. మనిషి కంటే సులువైన దారి ఇంకొకటి ఉంటే ఎక్కువ కరెంటు అటే పోతుంది, మీటరు దగ్గర పెట్టే డబ్బాలో బటన్ కూడా వెంటనే దానంతటదే పడిపోయి కరెంటు ఆగిపోతుంది. ఆ దారే ఈ గొట్టం. ఉప్పు, బొగ్గు చుట్టూ మట్టిని తడిగా ఉంచుతాయి. నీళ్లు అందుకే. మా కంపెనీలో ఇలాంటి గుంతలు నలభై ఉన్నాయి, అక్కడ ఒక్క బర్రె కూడా లేదు. పుల్లమ్మగారి బర్రె పాలు ఎందుకు మానేసిందో నాకు తెలియదు, నేను ఎలక్ట్రీషియన్‌ను. మా అన్న చావుకు నేను కట్టిన తీగే కారణం. తప్పంతా నాది. మా వదిన అలాంటి చావు ఇంకొకటి రాకూడదని తవ్విస్తోంది. ఆమెను ఏమీ అనవద్దు.

ఇక్కడి నుంచి నీకు మాత్రమే. తీగ గోనెసంచిలో కుట్టించి రేపటి బస్సులో పంపుతున్నాను. మనిషికి తగిలితే రెప్పపాటులో కరెంటు ఆపే డబ్బా నా దగ్గర ఉంది, అది చేత్తో తెస్తాను. సంచిని కొట్టం గోడకు ఆనించి పెట్టు. నేను వచ్చేదాకా విప్పవద్దు. నువ్వే కాదు, ఎవరూ విప్పవద్దు. రిపేరు వారాలు అయిపోయాయి. నవంబర్ ఏడు, ఆదివారం. ఈసారి సెలవు కాగితం సంతకమై చేతిలో ఉంది.

నీ మరిది,
పరమేష్

తా.క. దండెం నేనే దొంగిలించాను. ఒప్పుకుంటున్నా. దొంగ అనుకో, ఊరంతా చెప్పు. ఇక అడగకు.

*

నల్లగుట్టపల్లె
1 నవంబర్ 2021

పరమేష్,

గీ ఉత్తరం మొత్తం నేనే రాస్తున్న. టీచరమ్మను పిలవలె. తప్పులుంటె సదురుకో.

పంచాయితిల నీ కాగితం చదివిండ్రు. బర్రె ముచ్చట కాడ అందరు నవ్విండ్రు. పుల్లమ్మ సుత నవ్వి, ఇప్పుడు ఆమెకు సుత గసోంటి గుంత ఒకటి కావాలంటున్నది. గుంత ఉండని అన్నరు. మంద ఊర్లనే ఉంటది. అన్న సావుకు నేనే కారణం అని నువ్వు రాసిన కాడ ఊరంత నా మొఖం చూసింది. నేను అవునని తలకాయ ఊపిన.

ఇంటికొచ్చి సంచి విప్పిన. విప్పొద్దన్నవు గద, అందుకే విప్పిన. నాసిరకం తీగ పంపినవేమొ అనుకున్న. నల్ల తోలు. కోసిన కాడ లోపట తెల్లగ మెరిసే ఇనుప పట్టీ. సూడంగనే ఏం అనిపియ్యలె. చెయ్యి పెట్టిన. చెయ్యి గుర్తువట్టింది.

గది నా దండెం. అదే కాదు, గసోంటి తీగనే.

నువ్వు సన్న తీగ కట్టి పోయిన నెలకే బస్సుల ఒక గోనెసంచి వచ్చింది. పరమేష్ పంపిండు, వాడే వచ్చి పెడ్తడు అని మీ అన్న కొట్టం గోడకు ఆనించిండు. ఒక వానకాలం గట్లనే ఉండె. తడి గొంగళ్ల బరువుకు నా తాడు తెగింది. సంచి విప్పి చూస్తె మంచి గట్టి తీగ. నల్ల తోలు గొంగళ్లకు అంటుతదని కొడవలితోని పొడుగూత ఒలిచిన, గొర్రె తోలు ఒలిచినట్టే. లోపటి ఇనుము తేటగ మెరిసింది. కిటికి సువ్వకు ఒక కొస, కొట్టం గుంజకు ఒక కొస కట్టిన. పరమేష్ వస్తె నవ్వుతడు అన్నడు మీ అన్న. నువ్వు రాలె. గాలికి నీ సన్న తీగ జారి వేలాడుతుంటె, ఆయిననే దాన్ని దండేనికి మెలిపెట్టి చుట్టిండు. సన్న తీగ తోలు దండేనికి రాసుకొని రాసుకొని ఎప్పుడు పుండు పడ్డదో మాకు తెల్వదు.

ఆ పొద్దు వాన మొదలైంది. ఆయిన చాయ తాగుతుండె. గొంగళ్లు తడుస్తున్నయి, పోయి తీస్కరా అని నేనే పంపిన.

నీకు గదంత ఎరికె. శవం వాకిట్ల ఉండంగ నువ్వు దండెం దిక్కు చూసుడు నేను చూసిన. నిలవడి చూసి, విప్పి, చుట్టి, సంచిల పెట్టుకొని పోయినవు. నాకు తెల్వొద్దని తీసుకపోయినవు. మూడేండ్లు తిట్లు పడ్డవు, ఊరి ముందర ఒప్పుకున్నవు, గని నా పేరు ఎత్తలె.

గది మంచితనం అనుకుంటున్నవా? నేను మూడేండ్లు నిన్ను తిట్టుకుంట బతికిన. పొద్దుగాల లేస్తె తిట్టనీకి ఒక మనిషి ఉండె. గిప్పుడు పొద్దుగాల లేచి ఎవర్ని తిట్టాలె? అద్దంల చూసుకొని తిట్టుకోనా?

గని ఒక్క మాట. తప్పంత నాదే అని రాసినవు. అంత నీకు ఇయ్య. నా తప్పు నా కాడ పెట్టు. నీ తప్పు తోలు ఒలుచుడు కాదు, తీగ పంపుడు కాదు. చౌటుప్పల్ నుంచి ఒక్క ఆదివారం వచ్చి ఉంటె గా సంచి నువ్వే విప్పుతుంటివి. ఆయినను నా దండెం సంపింది, నీ ఆదివారాలు సంపినయి. ఇద్దరం కలిసి సంపుకున్నం. రేపు పంచాయితి కాడికి పోయి గిదే చెప్త. తలకాయ ఊపినదాన్ని, నేనే దించుకోవాలె.

ఏడో తారీకు రా. ఒట్టు తియ్య. బీరప్పకు పెట్టిన ఒట్టు, మంద మీద పెట్టిన, గిప్పుడు మంద పోతె నాకేం లేదు. నోరు తెరవ. కాలువ గట్టు మీద కూసుంట, నువ్వు తీగ పెట్టేదంత చూస్త. బువ్వ పెడ్త. బటన్ మాత్రం నేనే ఒత్తుత.

నీ వదిన
బక్కమ్మ

తా.క. దండెం పారేయలేదని నాకు ఎరికె. నువ్వు పారేసే మనిషివి కాదు. ఏడో తారీకు తెచ్చియ్యి. కాలువ మళ్ల తవ్వించిన, వెంకటయ్య మొల లెక్క కాదు, నా కట్టె లెక్క. నీ కొత్త తీగకు ఒక పక్క జాగ ఉంచి, ఇంకో పక్క నా దండేనికి సుత జాగ తీయించిన. ఇటుకలు ఉన్నయి. మీ అన్న ధోతి సుత ఉతికి ఆరేసిన, చెట్టు కొమ్మ మీద.